శ్రీముఖలింగం శాసనాలలో కాలభావన: గాంగశకం నుంచి అఖండదీపం వరకు

వ్యాససంగ్రహం:

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమ ఒడ్డున ఉన్న శ్రీముఖలింగాన్ని తూర్పుగాంగుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించారు. ఈ నగరం నుంచి వెలువడిన తామ్రశాసనాలను, ఇక్కడి ఆలయ శిలాశాసనాలను పరిశోధకులు ప్రధానంగా కాలనిర్ణయానికి ఆధారాలుగా వినియోగించుకున్నారు. కాలం అంటే ఏమిటి, ఒక వస్తువు లేదా ఒక ధర్మం కాలంలో ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్నలకు ఇవే శాసనాలు ఏ సమాధానం సూచిస్తున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గాంగశకం, భూతసంఖ్యలు, వంశావళులు, అంక సంవత్సరాలు, అఖండదీపదానాలు, ఫలశ్రుతులు ఇందులో చర్చకు వస్తాయి. శాసనకర్తల దృష్టిలో అస్తిత్వం వస్తువుకు సహజంగా ఉండే గుణం కాదని, తరతరాల అంగీకారంతో కొనసాగే సంబంధమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శ్రీముఖలింగం, కళింగనగరం, తూర్పుగాంగులు, గాంగశకం, కాలభావన, అస్తిత్వం, అఖండదీపం, ఆచంద్రార్కం.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని శ్రీముఖలింగం నేడు చిన్న గ్రామం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల వల్ల ఇది ప్రసిద్ధి పొందింది. ఏటా మహాశివరాత్రి తరువాత వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానాలకు చుట్టుపక్కల జిల్లాల నుంచి, ఒడిశా నుంచి జనం వస్తారు. గాంగరాజుల శాసనాలలో పదేపదే వినిపించే కళింగనగరం ఎక్కడిదన్న విషయంలో 19వ శతాబ్దిలో భిన్నాభిప్రాయాలు ఉండేవి. ఫ్లీట్ వంటి పండితులు సముద్రతీరంలోని కళింగపట్నమే కళింగనగరమని భావించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా 4వ సంపుటంలో (1896–97) పరిష్కరించి ప్రకటించిన గిడుగు వేంకట రామమూర్తి, ముఖలింగాన్నీ దాని పరిసరాలనూ కళింగనగరంగా నిరూపించారు. ఈ నిర్ణయాన్ని తరువాతి చరిత్రకారులు అంగీకరించారు. గిడుగు 1863లో జన్మించిన పర్వతాలపేట శ్రీముఖలింగానికి సమీపంలోనిదే.

అప్పటి నుంచి ఈ శాసనాల అధ్యయనంలో కాలం ప్రధాన సమస్యగానే ఉంది. అయితే ఆ సమస్య ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు పరిమితమైంది. గాంగశకం ఏ సంవత్సరంలో మొదలైంది, ఏ రాజు ఎన్నేళ్లు పాలించాడు, ఏ గ్రహణం ఏ తేదీన సంభవించింది అన్నవి అవసరమైన ప్రశ్నలే. వాటికి దొరికిన సమాధానాల మీదే కళింగచరిత్ర నిలబడింది. కానీ తేదీని రాయించినవారికి ఆ తేదీ ఏ అర్థాన్ని ఇచ్చిందన్న ప్రశ్న పక్కకు జరిగింది. తేదీ తరువాత వచ్చే ‘ఆచంద్రార్కం’ వంటి పదాలను అలవాటుగా వచ్చే పదబంధాలుగా దాటిపోవడం పరిపాటి అయింది. ఈ వ్యాసం ఆ పదబంధాల దగ్గరే ఆగుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. శాసనాల భాష చాలావరకు మూసలో పోసినది. లేఖకులు పాత ప్రతులను చూసి రాసేవారు. అటువంటి భాషలో తాత్త్వికచింతన వెదకడం సబబేనా? మూసభాష ఒక వ్యక్తి ఆలోచనను చెప్పదన్నది నిజమే. అయితే ఒక సమాజం వివరణ అవసరం లేదనుకున్న నమ్మకాలు నిలిచేది ఆ భాషలోనే. దర్శనగ్రంథం వాదించి స్థాపించే విషయాన్ని శాసనం అందరికీ తెలిసిందన్నట్టు చెప్పి సాగిపోతుంది. ఈ కారణంగా మూసపదాలు కాలభావనకు విలువైన ఆధారాలు.

2. పెరిగే కాలం: గాంగశకం

తొలి గాంగుల తామ్రశాసనాలలో సంవత్సరాన్ని ‘ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరం’ అని పేర్కొనడం కనిపిస్తుంది. ఇంద్రవర్మ జిర్జింగి శాసనం 39వ సంవత్సరానికి, హస్తివర్మ ఉర్లాం శాసనం 80వ సంవత్సరానికి, ఇంద్రవర్మ అచ్యుతాపురం శాసనం 87వ సంవత్సరానికి చెందినవి. సత్యవర్మ శ్రీకాకుళం శాసనం 351వ సంవత్సరానిది. ఒక రాజు ఇన్నేళ్లు పాలించడం అసాధ్యం కాబట్టి ఇది వ్యక్తి పాలనాకాలం కాదని, ఒక శకమని పరిశోధకులు గ్రహించారు. కాలక్రమంలో ఈ పదబంధానికి ‘గాంగేయవంశ’ అన్న విశేషణం కూడా చేరింది. ఈ శకారంభం గురించి దీర్ఘకాలం చర్చ జరిగింది. అది క్రీ.శ. 498లో మొదలైందన్న వి.వి. మిరాశీ నిర్ణయానికి విస్తృతమైన ఆమోదం లభించింది. శాసనాలలో ప్రస్తావించిన గ్రహణాలు ఈ చర్చకు ఆధారమయ్యాయి. కదంబ ధర్మఖేడి వేయించిన శాసనాలలో ఒకటి గాంగశకం 520వ సంవత్సరానిది కావడం, మరొకటి శకసంవత్సరంలో ఉండడం కూడా ఇందుకు తోడ్పడింది.

ఈ శకం పేరులోనే ఒక కాలభావన ఉంది. రాజ్యసంవత్సరం సాధారణంగా రాజు అభిషేకంతో మొదలై అతని మరణంతో ముగుస్తుంది. తరువాతి రాజుతో లెక్క మళ్లీ ఒకటి నుంచి ప్రారంభమవుతుంది. ఆ పద్ధతిలో కాలం ఒక శరీరానికి కట్టుబడి ఉంటుంది. గాంగులు ఈ లెక్కను తెగనీయలేదు. రాజు మరణించినా రాజ్యసంవత్సరం కొనసాగింది. శకాన్ని ఆరంభించిన రాజు పేరును శాసనాలు చెప్పవు. వాటి దృష్టి శకం మొదలు మీద కన్నా దాని పెరుగుదల మీదే ఎక్కువ. ‘ప్రవర్ధమాన’ అన్నది వర్తమానకాల విశేషణం. గడచిన సంవత్సరాలు నశించాయన్న భావం అందులో లేదు. అవి కుప్పగా చేరి రాజ్యాన్ని పెంచుతున్నాయన్న భావం ఉంది.

ఆధునిక తత్త్వశాస్త్రంలో దీనితో పోల్చదగిన వాదం ఒకటి ఉంది. బ్రిటిష్ తత్త్వవేత్త సి.డి. బ్రాడ్ 1923లో ప్రకటించిన గ్రంథంలో గతానికీ వర్తమానానికీ అస్తిత్వం ఉందని, భవిష్యత్తుకు లేదని, ఉనికి మొత్తం క్షణక్షణం పెరుగుతూ ఉంటుందని ప్రతిపాదించాడు. గాంగశాసనాలు ఇటువంటి సిద్ధాంతాన్ని ప్రతిపాదించాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. గతాన్ని నష్టంగా కాక సంచయంగా చూసే దృష్టి మాత్రం రెండింటిలోనూ ఉంది. బ్రాడ్ దాన్ని విశ్వానికి అన్వయించాడు. గాంగులు ఒక వంశానికి అన్వయించారు.

3. పదాలలో అంకెలు: శకసంవత్సరం

11వ శతాబ్దిలో వజ్రహస్తుని కాలానికి ఈ పద్ధతి మారింది. శక సంవత్సరం 979కి చెందిన నడగాం శాసనం అతని పట్టాభిషేకాన్ని శక సంవత్సరం 960లో, అంటే క్రీ.శ. 1038లో జరిగినట్టు చెబుతుంది. ఈ సంఖ్యను శాసనకవి అంకెలలో చెప్పలేదు. వియత్తు, ఋతువు, నిధి అన్న మూడు పదాలలో నిక్షేపించాడు. వియత్తు అంటే ఆకాశం, అది సున్న. ఋతువులు ఆరు. నిధులు తొమ్మిది. కుడి నుంచి ఎడమకు చదివితే 960 వస్తుంది. ఆ వెంటనే సూర్యుడున్న రాశి, నక్షత్రం, లగ్నం, పక్షం, తిథి, వారం వరుసగా కనిపిస్తాయి. అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకం కూడా ఇదే రీతిలో నమోదైంది. నంద, రంధ్ర, గ్రహ అన్న మూడు పదాలూ తొమ్మిదిని సూచించేవే కాబట్టి శక సంవత్సరం 999, అంటే క్రీ.శ. 1078 వస్తుంది.

భూతసంఖ్యలను ఛందస్సు అవసరం కోసం పుట్టిన ఉపాయంగా వివరించడం ఆనవాయితీ. ఆ వివరణ సరైనదే. అయినా దాని ఫలితం ఛందస్సును దాటిపోతుంది. ఈ పద్ధతిలో సంఖ్య అమూర్తంగా నిలబడదు. లోకంలో ఉన్న పదార్థాల నుంచి అది పుడుతుంది. ఆకాశాన్ని, ఋతువులను, నిధులను తలచుకోకుండా రాజు అభిషేక సంవత్సరాన్ని తెలుసుకోవడం పాఠకునికి సాధ్యం కాదు. కాలాన్ని కొలిచే సాధనం లోకంలోని వస్తువులే అవుతాయి.

వైశేషికదర్శనం కాలాన్ని ఏకం, నిత్యం, విభువు అయిన ద్రవ్యంగా అంగీకరించింది. క్షణం, దినం, మాసం వంటి విభాగాలు సూర్యగమనం మొదలైన ఉపాధుల వల్ల ఏర్పడినవేనని, కాలంలో నిజమైన ఖండాలు లేవని ఆ దర్శనం మతం. నడగాం శాసనంలోని అభిషేకవర్ణన ఈ ఉపాధుల జాబితా వంటిది. రాశి, నక్షత్రం, లగ్నం, తిథి అన్నవన్నీ ఒకే క్షణాన్ని నలువైపుల నుంచి బిగించి పట్టుకుంటాయి.

గాంగశకానికీ శకసంవత్సరానికీ ఉన్న తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. మెక్‌టాగర్ట్ 1908లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో కాలాన్ని రెండు శ్రేణులుగా విడదీశాడు. భూతం, వర్తమానం, భవిష్యత్తు అన్నది మొదటిది. చూసేవాడి స్థానాన్ని బట్టి ఇది మారుతుంది. ముందు, వెనుక అన్నది రెండవది. ఇది ఎవరికీ మారదు. ‘ప్రవర్ధమాన’ సంవత్సరం మొదటి శ్రేణికి దగ్గరగా ఉంటుంది. వంశం జీవించి ఉన్నంతవరకే దానికి అర్థం. శకసంవత్సరం రెండవ శ్రేణికి చెందినది. చాళుక్యులు, చోళులు, గాంగులు పరస్పరం శత్రువులైనా అందరి ఘటనలకూ అందులో చోటుంది. కళింగం ఇరుగుపొరుగు రాజ్యాలతో యుద్ధాలలో, వివాహసంబంధాలలో ముడిపడిన దశలోనే అది ఇతరులతో పంచుకునే కాలాన్ని స్వీకరించింది. శకం మార్పు పంచాంగానికి సంబంధించిన మార్పుగా కనిపించినా, కళింగం తన ఉనికిని చూసుకునే తీరు కూడా దానితోపాటు మారింది.

4. రెండు వంశావళులు, రెండు గతాలు

కాలం, అస్తిత్వం అన్న అంశాలు మరింత సన్నిహితంగా కలిసేది వంశావళులలో. నడగాం శాసనం వజ్రహస్తుని పూర్వులను గుణమహార్ణవునితో మొదలుపెడుతుంది. తరువాత వజ్రహస్తుడు 44 ఏళ్లు, గుండమ 3 ఏళ్లు, కామార్ణవుడు 35 ఏళ్లు, వినయాదిత్యుడు 3 ఏళ్లు, అనియంకభీమ వజ్రహస్తుడు 35 ఏళ్లు, కామార్ణవుడు అర్ధసంవత్సరం, గుండమ 3 ఏళ్లు, మధుకామార్ణవుడు 19 ఏళ్లు పాలించారని చెబుతుంది. మొత్తం 142 ఏళ్ల ఆరు నెలలు. ఇందులో అర్ధసంవత్సరం పాలించిన రాజును విస్మరించకపోవడం గమనార్హం. ఆ ఆరు నెలలను ముందువారి లెక్కలోనో, తరువాతివారి లెక్కలోనో కలిపివేయవచ్చు. శాసనం అలా చేయలేదు. ఎంత స్వల్పమైనా గడచిన పాలనకు అస్తిత్వం ఉందని గుర్తించింది.

61 ఏళ్ల తరువాత, శక సంవత్సరం 1040లో, చోడగంగదేవుడు వేయించిన విశాఖపట్టణం తామ్రశాసనంలో గతం స్వరూపమే మారిపోయింది. వంశం విష్ణువుతో మొదలై బ్రహ్మ, అత్రి, చంద్రుల మీదుగా దిగివస్తుంది. కామార్ణవుడు గంగవాడిని విడిచి నలుగురు తమ్ముళ్లతో మహేంద్రగిరికి చేరి, గోకర్ణస్వామిని ఆరాధించి, కళింగాన్ని జయిస్తాడు. నడగాం శాసనంలో లేని రాజులు ఇందులో కనిపిస్తారు. కొందరి పాలనాసంవత్సరాల సంఖ్యలు కూడా మారాయి. శ్రీముఖలింగం ప్రస్తావన వచ్చేది ఈ శాసనంలోనే. రెండవ కామార్ణవుడు నగరం అనే పట్టణంలో లింగరూపుడైన ఈశ్వరునికి ఉన్నతమైన ఆలయం కట్టించాడని, మధుక వృక్షం నుంచి వెలసినందువల్ల ఆ దేవునికి మధుకేశుడని పేరు పెట్టాడని అది చెబుతుంది. మధుకమంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టులో స్వామి ముఖం దర్శనమిచ్చిందన్న కథ ఇప్పటికీ స్థలపురాణంగా వినిపిస్తుంది. ఆ కథలో సవరలకు ముఖ్యస్థానం ఉంది.

ఈ రెండు వంశావళుల మధ్య తేడాను చరిత్రకారులు విశ్వసనీయత సమస్యగా పరిశీలించారు. నడగాం జాబితా నమ్మదగినదని, 1040 నాటి జాబితాలో కల్పన ఎక్కువని సాధారణంగా భావిస్తారు. చరిత్రరచనకు ఈ వివేచన తప్పనిసరి. కాలభావన దృష్టితో చూస్తే మరొక విషయం బయటపడుతుంది. రాజ్యం గోదావరి నుంచి ఉత్కళం వైపు విస్తరించినప్పుడు రాజుకు 142 ఏళ్ల గతం చాలలేదు. వర్తమానం పెరిగినకొద్దీ దాన్ని మోయగల గతం కూడా పెరగవలసి వచ్చింది. గడచిన కాలం మార్పులేనిదన్న సామాన్యభావనకు ఇది విరుద్ధం. ఈ వంశావళులలో గతం పూర్తయిన వస్తువుగా లేదు. వర్తమానం అవసరాలకు తగినట్టు దాన్ని మళ్లీ కట్టారు.

5. విడిచిన అంకెలు

చోడగంగదేవుని తరువాత రాజ్యకేంద్రం ఉత్కళానికి జరిగింది. 13వ శతాబ్దిలో మూడవ అనంగభీమదేవుడు తన రాజ్యాన్ని పురుషోత్తమునికి, అంటే పూరీ జగన్నాథునికి సమర్పించి, తాను ఆ దేవుని ప్రతినిధినని ప్రకటించుకున్నాడు. గాంగరాజుల సంవత్సరగణనలో ‘అంక’ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. శ్రీకూర్మం, సింహాచలం ఆలయ శాసనాలలోనూ శకసంవత్సరంతోపాటు ఈ అంక సంవత్సరాలు కనిపిస్తాయి.

ఈ పద్ధతిలో 1ని, 6తో ముగిసే సంఖ్యలను, 10ని మినహాయించి సున్నతో ముగిసే సంఖ్యలను లెక్కించరు. రాజు మొదటి సంవత్సరం 2వ అంకం. ఐదవ సంవత్సరం 7వ అంకం. పదిహేడవ సంవత్సరానికి 21వ అంకం వస్తుంది. అంటే పేరులో ఉన్న సంవత్సరాలు గడచిన సంవత్సరాల కన్నా ఎక్కువ. అశుభంగా భావించిన సంఖ్యలను కాలంలో నుంచి తొలగించడం ఇక్కడ జరిగిన పని. కాలం సమంగా ప్రవహించే గణితరాశి అయితే ఇలా దాటవేయడం అర్థరహితం. శుభాశుభ గుణాలు కలిగిన వరుసగా దాన్ని గ్రహించిన సమాజానికి మాత్రం ఇది సహజం. వైశేషికుల నిర్గుణప్రాయమైన ఏకకాలం పక్కనే ఇటువంటి గుణాత్మక కాలం కూడా ఒకే సంస్కృతిలో మనగలిగింది. తేదీలను మార్చుకునే పరిశోధకుడు ఈ తేడాను గమనించకపోతే లెక్క తప్పుతుంది. దాని కారణాన్ని గమనించకపోతే లెక్క సరిపోయినా శాసనం అర్థం కాదు.

6. సూత్రధారి

తొలి గాంగుల తామ్రశాసనాల ప్రారంభవాక్యాన్ని మళ్లీ పరిశీలించాలి. కళింగనగరం అన్ని ఋతువులలోనూ రమణీయమైనదని అది వర్ణిస్తుంది. మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామిని చరాచరాలకు గురువుగా, చంద్రుణ్ణి శిరోమణిగా ధరించినవాడిగా, సకలభువనాల నిర్మాణానికి ఏకైక సూత్రధారిగా కీర్తిస్తుంది. ఆ స్వామి పాదాలకు మొక్కడం వల్ల రాజుకు కలియుగదోషం తొలగిపోయిందని చెబుతుంది. చివరలో రాజ్యసంవత్సరం వస్తుంది. ఋతువు, యుగం, సృష్టి, సంవత్సరం అన్న నాలుగు కాలపరిమాణాలు ఒకే శాసనంలో అమరాయి. నగరం ఋతువుల మార్పుకు చెక్కుచెదరనిది. రాజు యుగదోషం అంటనివాడు. దానం మాత్రం ఒకానొక సంవత్సరంలో, ఒకానొక తిథినాడు జరిగినది.

సూత్రధారి అన్న పదం ప్రత్యేకంగా గమనించదగినది. ఈ పదానికి నాటకాన్ని నడిపేవాడన్న అర్థంతోపాటు, నూలుతాడుతో కొలతలు వేసి నిర్మాణం చేసే శిల్పి అన్న అర్థమూ ఉంది. గాంగశకం ఆరంభమైన శతాబ్దికే చెందినవాడని భావించే భర్తృహరి, వాక్యపదీయంలోని కాలసముద్దేశంలో లోకమనే యంత్రానికి కాలాన్ని సూత్రధారిగా పేర్కొన్నాడు. అతని మతంలో కాలం ఒక శక్తి. కొన్నింటిని వెలికి రానిస్తుంది, కొన్నింటిని ఆపి ఉంచుతుంది. ఈ అనుమతి, నిరోధాల వల్లనే లోకంలో క్రమం ఏర్పడుతుంది. శాసనలేఖకులు భర్తృహరిని చదివారని చెప్పడానికి ఆధారం లేదు. అయినా ఒక చోట కాలానికి, మరొక చోట శివునికి ఒకే పదం అన్వయించడం యాదృచ్ఛికమైనా అర్థవంతమే. భర్తృహరి కాలానికి అప్పగించిన పనిని గాంగశాసనం దేవునికి అప్పగించింది. కాలాన్ని శిరస్సు మీద ఆభరణంగా ధరించినవాడు ఈ దేవుడు. దానం ఎంతకాలం నిలవాలో కొలిచే చంద్రుడే ఆయన శిరోమణి.

7. అఖండదీపం

శ్రీముఖలింగం ఆలయ శిలాశాసనాలు దక్షిణభారత శాసనాలు ఐదవ సంపుటంలో ప్రకటితమయ్యాయి. చోడగంగదేవుని కాలంనాటి శాసనాలు వీటిలో గణనీయంగా ఉన్నాయి. ఆలయంలో అఖండదీపం వెలగడానికి చేసిన దానాలు వీటిలో తరచుగా కనిపించే అంశం. ఆ దీపం ఆచంద్రార్కం, అంటే చంద్రసూర్యులు ఉన్నంతకాలం, వెలగాలని దాత కోరిక.

దీపజ్వాల భారతీయ దర్శనచర్చలలో ప్రసిద్ధమైన దృష్టాంతం. మిలిందపన్హలో నాగసేనుడు రాత్రంతా వెలిగే దీపాన్ని ఉదాహరిస్తాడు. తొలిజాములోని జ్వాలే చివరిజాములోనిది అనలేము. వేరే దీపమనీ అనలేము. క్షణక్షణం కొత్త జ్వాల పుడుతున్నా ఒక సంతానం కొనసాగుతుంది. ఈ వాదం శ్రీముఖలింగానికి దూరపుది కాదు. అదే వంశధార మీద, దిగువన దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ మీద బౌద్ధస్తూపాలు, చైత్యాలు శతాబ్దాలపాటు వర్ధిల్లాయి. ఆ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవాడూ గిడుగు రామమూర్తే. ఒకే నది ఒడ్డున ఒక చోట క్షణికత్వాన్ని బోధించిన సంప్రదాయం, మరొక చోట అఖండత్వాన్ని కోరిన సంప్రదాయం నిలిచాయి. రెండింటికీ దీపమే ప్రతీక అయింది.

ఆలయశాసనాలు ఈ వైరుధ్యాన్ని వాదంతో పరిష్కరించలేదు. ఏర్పాటుతో పరిష్కరించాయి. జ్వాల తనంతట తాను అఖండంగా ఉండదు. దానికి ప్రతిరోజూ నెయ్యి కావాలి. నెయ్యికి పశువులు కావాలి. పశువులకు కాపరి కావాలి. ఈ గొలుసును ఇతర క్షేత్రాల శాసనాలు మరింత విపులంగా చెబుతాయి. చోళదేశపు తమిళశాసనాలలో దీపానికి ఇచ్చిన గొర్రెలను ‘సావా మూవా పేరాడు’ అన్నారు. చావని, ముసలితనం రాని గొర్రెలని దాని అర్థం. ద్రాక్షారామం వంటి తెలుగు క్షేత్రాల శాసనాలలో కనిపించే ‘ఇనుపయెడ్లు’ అన్న మాటనూ ఇదే భావంతో అన్వయిస్తారు. గొర్రెలు చావవని దాతకు గానీ కాపరికి గానీ భ్రమ లేదు. చచ్చినవాటి స్థానాన్ని పుట్టినవాటితో నింపి మంద సంఖ్యను తగ్గనీయకూడదన్నది షరతు. ప్రతి జీవీ అనిత్యం, సంఖ్య నిత్యం. జ్వాలకు నాగసేనుడు చెప్పిన న్యాయమే మందకూ వర్తించింది. తేడా ఒక్కటే. జ్వాలాసంతానం దానంతట అది సాగేదిగా నాగసేనుడు చెప్పాడు. మంద సాగడానికి మాత్రం ఎవరో ఒకరు మాట ఇవ్వాలి, ఆ మాటను వారి వారసులు నిలబెట్టాలి. చోళరాజపుత్రి రాజసుందరి కోడలిగా వచ్చిన గాంగవంశపు ఆలయంలో అఖండదీపాల సంప్రదాయం విస్తరించడాన్ని ఈ విశాలనేపథ్యంలో చూడాలి.

8. ఎప్పుడు ఎవరిదో అప్పుడు వారిదే

ఆచంద్రార్కమని రాసినవారికి తమ ధర్మం ఆగిపోవచ్చునన్న భయం ఉంది. తామ్రశాసనాల చివర వచ్చే ఫలశ్రుతులు అందుకు సాక్ష్యం. భూమిని దానమిచ్చినవాడు అరవైవేల సంవత్సరాలు స్వర్గంలో ఉంటాడు. దాన్ని అపహరించినవాడు అరవైవేల సంవత్సరాలు మలంలో పురుగై పుడతాడు. పుణ్యానికీ పాపానికీ ఒకే సంఖ్య. స్వర్గం కూడా శాశ్వతం కాదన్న సూచన ఇందులో ఉంది. చంద్రార్కాల పరిమాణం ధర్మానికే గానీ దాతకు లేదు. ధర్మం దాత కన్నా ఎక్కువకాలం ఉండాలి.

మరొక ఫలశ్రుతి తాత్త్వికంగా ఇంకా ముఖ్యమైనది. ఈ భూమిని ఎందరో రాజులు దానమిచ్చారని, ఎప్పుడు భూమి ఎవరిదైతే అప్పుడు ఆ దానఫలం వారిదేనని దాని సారాంశం. దానఫలం ఇక్కడ ఇచ్చినవాడికి స్థిరంగా అంటుకోదు. కాలంతోపాటు పాలకుని నుంచి పాలకునికి కదులుతుంది. దానం చేయడం కన్నా ఇతరులు చేసిన దానాన్ని కాపాడడం శ్రేష్ఠమన్న మాటకూ తాత్పర్యం ఇదే. రాజు తన ధర్మాన్ని తాను ఎన్నడూ చూడని వ్యక్తి చేతిలో పెడుతున్నాడు. ఆ వ్యక్తి శత్రువంశానికి చెందినవాడు కూడా కావచ్చు. ఆజ్ఞాపించే అధికారం తనకు లేని చోట రాజు ఫలంలో వాటా ఇచ్చి అభ్యర్థిస్తున్నాడు. శాసనం అన్న పదానికి ఆజ్ఞ అని అర్థం. దాని చివరిభాగం మాత్రం భవిష్యత్తుకు చేసుకున్న విన్నపం.

ఈ దృష్టితో చూస్తే ‘ఉండడం’ అన్న క్రియకు శాసనాలు ఇచ్చిన అర్థం స్పష్టమవుతుంది. రాయి ఉంటుంది, రాగిరేకు ఉంటుంది. ధర్మం అలా ఉండదు. ప్రతి తరం దాన్ని మళ్లీ ఒప్పుకున్నప్పుడే ఉంటుంది. దీపానికి నెయ్యి ఎటువంటిదో ధర్మానికి అంగీకారం అటువంటిది.

9. ముగింపు

గాంగశకం కాలాన్ని వంశం సంచయంగా చూసింది. శకసంవత్సరం దాన్ని ఇతరులతో పంచుకునే కొలమానంగా మార్చింది. వంశావళులు గతాన్ని వర్తమానంతోపాటు పెంచాయి. అంక సంవత్సరాలు కాలానికి శుభాశుభ గుణాలను ఆపాదించాయి. అఖండదీపం, ఫలశ్రుతి శాశ్వతత్వాన్ని మనుషుల మధ్య ఒప్పందంగా నిర్వచించాయి. ఇవన్నీ ఒకే సిద్ధాంతంగా కుదరవు. అలా కుదర్చవలసిన అవసరమూ లేదు. ఒకే సమాజం పాలనకు ఒక కాలాన్ని, పూజకు ఒక కాలాన్ని, స్మృతికి ఒక కాలాన్ని ఏకకాలంలో వాడుకుందని ఈ శాసనాలు నిరూపిస్తున్నాయి.

అన్ని ఋతువులలోనూ రమణీయమని కీర్తి పొందిన కళింగనగరం రాజధాని హోదాను కోల్పోయి గ్రామమైంది. 19వ శతాబ్ది నాటికి దాని స్థానమే పండితుల వివాదానికి గురైంది. ఆచంద్రార్కం సాగవలసిన ఏర్పాట్లకు ఆధారమైన వంశాలు, మందలు, మాన్యాలు చెదిరిపోయాయి. చంద్రసూర్యులు మాత్రం ఉన్నారు. అక్షరార్థంలో ఆ వాగ్దానం నెరవేరలేదు. అయితే ఆ వాగ్దానం అక్షరార్థంలో నెరవేరడం కన్నా, కాపాడేవాడికే ఫలమన్న షరతు మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. ఆ ఊరి సమీపంలో పుట్టి, పాతలిపిని పట్టుదలతో నేర్చుకుని, రాగిరేకుల మీది అక్షరాలను చదివి నగరానికి దాని పేరు తిరిగి ఇచ్చిన గిడుగు రామమూర్తి ఆ షరతును ఒక విధంగా స్వీకరించినవాడే. భాష కాలంతోపాటు మారుతుందని తరువాతి కాలంలో ఆయన చేసిన వాదాన్ని, ఆయన శాసనపరిశోధనతో కలిపి అధ్యయనం చేయవలసి ఉంది. శ్రీముఖలింగం శాసనాలను తేదీల కోసం చదివే పద్ధతి కొనసాగాలి. దానితోపాటు తేదీ తరువాతి వాక్యాన్ని కూడా చదివినప్పుడే, ఆ తేదీని ఎవరి కోసం రాశారో తెలుస్తుంది.